ఆ తల్లి ఎందుకూ పనికిరానిదా?

రాత్రి అన్నాలయి, వంటిల్లు సర్దుకుని, పాలు తోడుపెట్టి, ఇక కాస్త నడుం వాలుద్దామనుకునే వేళకి పిల్లలు తయారవుతారు, ‘‘అమ్మా, కథ చెప్పవూ!’’ అంటూ. ఏడు చేపల కథ, పేదరాశి పెద్దమ్మ కథ, మనకొచ్చిన కథలన్నీ పది రోజుల్లో అయిపోతాయి. అప్పుడు పుస్తకాల షాపులో కొన్న రంగుల బొమ్మల పుస్తకాలు బయటికి తీస్తాం. అక్కడే వస్తుంది చిక్కు.

అగ్గిపుల్లలమ్ముకునే చిన్నపిల్ల కథ మీకందరికీ తెలిసే ఉంటుంది. కొత్త సంవత్సరం రేపనగా, మంచు కురుస్తున్న రాత్రి, కాళ్ళకి చెప్పులైనా లేకుండా ఆ పిల్ల వీధుల్లో తిరుగుతుంది. ఎవరూ ఒక్క కట్ట కూడా కొనరు. ఇంటికెళ్తే తండ్రి కొడతాడని రెండిళ్ళ మధ్య మూల చూసుకుని ముడుచుకు కూర్చుంటుంది. వేళ్ళు కొంకర్లు పోతుంటే ఒక్కొక్క పుల్లా గీసుకుంటుంది. ఆ కాసింత వెలుగులో వెచ్చటి పొయ్యి, వడ్డించిన విస్తరిలాంటి బల్ల, దీపాల చెట్టు, చివరికి తనని ప్రేమగా చూసిన, చనిపోయిన అమ్మమ్మ కనిపిస్తారు. తెల్లారేసరికి ఆ పిల్ల ప్రాణం పోయి ఉంటుంది.

ఇక్కడికొచ్చేసరికి మనలో చాలామందిమి ఏం చేస్తాం? ఆ ఆఖరి పేజీ గబుక్కున తిప్పేస్తాం. లేదంటే, ‘‘అప్పుడొక మంచి ఆంటీ వచ్చి ఆ పాపని వాళ్ళింటికి తీసుకెళ్ళిపోయి, వేడివేడి అన్నం పెట్టిందట’’ అని మనమే ఓ ముక్క అతికించేస్తాం. పడుకోబోయే పిల్లని ఏడిపించడం ఎందుకులే అని. తల్లి మనసు కదా, తప్పని ఎవరంటారు? కానీ ఈ కథలు ఎవరు రాశారో, ఎందుకలా ముగించారో తెలుసుకుంటే, ఆ ఆఖరి పేజీ తిప్పేసే ముందు మీరు ఒక్క క్షణం ఆగుతారని నా నమ్మకం. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

ముందు ఒక తేడా గమనించండి. మన అమ్మమ్మలు చెప్పిన కథలకి రచయిత ఎవరంటే ఎవరూ చెప్పలేరు. ఆ నోటా ఈ నోటా పడి, నలిగి నలిగి నునుపు తేలిన కథలవి. అందులో రాకుమారుడికి పేరుండదు, ఊరికి పేరుండదు. రాక్షసుడు చస్తాడు, పెళ్ళవుతుంది, అందరూ సుఖంగా ఉంటారు. ఇంకో రకం కథలున్నాయి. వాటిలోనూ దేవతలు, మంత్రగత్తెలు, మాట్లాడే పక్షులూ ఉంటాయి. కానీ వాటిని ఒక మనిషి బల్ల ముందు కూర్చుని, తన బతుకులోంచి తీసి, కావాలని రాస్తాడు. అందుకే వాటి ముగింపు ఆ మనిషి చూసిన లోకాన్ని బట్టి ఉంటుంది.

ఈ రెండో రకం కథలకి పెద్ద ఊపు తెచ్చినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువమంది అంటే మీకు ఆశ్చర్యం వేస్తుందేమో! 1690ల్లో పారిస్ నగరంలో చదువుకున్న స్త్రీలు సాయంత్రాలు ఒకచోట చేరి ఇలాంటి కథలు అల్లి వినిపించుకునేవారు. వాళ్ళలో మదామ్ దోల్‌నోయ్ అనే ఆవిడ 1697లో తన కథల పుస్తకానికి పెట్టిన ‘దేవకన్యల కథలు’ అన్న పేరే తర్వాత ఈ జాతి కథలన్నిటికీ స్థిరపడిపోయింది. మన పిల్లలు సినిమాగా చూసే ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ కథని 1740లో ఒక ఫ్రెంచి రచయిత్రి పెద్ద నవలలా రాస్తే, 1756లో ఇంకో రచయిత్రి, ఆడపిల్లలకి చదువు చెప్పే పంతులమ్మ, దాన్ని కుదించి చిన్నపిల్లలకి వీలుగా రాసింది. మనకి తెలిసిన కథ ఆ పంతులమ్మ రాసినదే.

ఇక అగ్గిపుల్లల పిల్ల దగ్గరికి వద్దాం. ఆ కథని 1845లో రాసినాయన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్. డెన్మార్క్ దేశంలో ఓడెన్స్ అనే ఊళ్ళో 1805 ఏప్రిల్ 2న పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. కూలికి చెప్పులు కుడుతూనే చదువంటే ప్రాణం పెట్టేవాడట. కొడుక్కి అరేబియన్ నైట్స్ కథలు చదివి వినిపించేవాడు, ఆడుకోవడానికి చిన్న బొమ్మల నాటకశాల తయారుచేసి ఇచ్చాడు. పిల్లవాడికి పదకొండేళ్ళప్పుడు ఆ తండ్రి పోయాడు. ఇక ఇల్లు గడిచేదెలా? తల్లి ఆన్ మేరీ ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతకడానికి వెళ్ళేది. నదిలో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉతకాలి. మన ఎండల దేశం కాదది, ఆ నీళ్ళు ఎలా ఉంటాయో ఊహించుకోండి!

ఆవిడకి చదువు రాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మానాన్నలు ఆవిడని అడుక్కురమ్మని వీధిలోకి తరిమేవారట. నోరు తెరిచి అడగలేక, ఒక వంతెన కింద రోజంతా కూర్చుని ఏడ్చేదట. ఈ సంగతి కొడుకుకి చెప్పింది. కొడుకు దాన్ని మర్చిపోలేదు. ఇప్పుడు చెప్పండి, మంచులో మూల చూసుకుని కూర్చున్న ఆ అగ్గిపుల్లల పిల్ల ఎవరు? కల్పించిన పిల్లేనా?

ఆండర్సన్‌కి కథల రుచి చూపించింది కూడా ఆడవాళ్ళే. వాళ్ళ నాయనమ్మ ఒక పిచ్చాసుపత్రిలో తోటపని చూసేది. ఆ పక్కనే నూలు వడికే గది. అక్కడి ముసలమ్మలు నూలు వడుకుతూ దెయ్యాల కథలు, దేవతల కథలు చెప్పుకుంటుంటే ఈ పిల్లవాడు నోరు తెరుచుకుని వినేవాడు. పద్నాలుగేళ్ళకే, 1819లో, చేతిలో నాలుగు డబ్బులతో కోపెన్‌హేగన్ వెళ్ళిపోయాడు. నాటకాల్లో చేరదామని, పాటలు పాడదామని ఎన్నో అగచాట్లు పడ్డాడు. ఎవరో దయతలచి చదివిస్తే చదువుకున్నాడు. 1835లో మొదటి కథల పుస్తకం, చిన్న పలచటిది, అచ్చయింది. అప్పటికి రెండేళ్ళ ముందే, 1833లో, తల్లి బీదల వసతిగృహంలో కన్నుమూసింది. చివరి రోజుల్లో ఆవిడ తాగుడికి అలవాటు పడింది. కొడుకు అప్పుడు దూరదేశంలో ఉన్నాడు. ప్రపంచమంతా చదివిన ఆ కథల పుస్తకాల్లో ఒక్కటీ ఆ తల్లి చేతికి రాలేదు.

సరిగ్గా ఆ తల్లి మీద రాసిన కథ ఒకటుంది. అగ్గిపుల్లల పిల్ల కథ తెలిసినంతగా ఈ కథ మనకి తెలీదు. 1852లో రాశాడు. దాని పేరు ‘ఆవిడ ఎందుకూ పనికిరాదు’. కొంచెం ఓపికగా వినండి.

ఊరి మేయరుగారు ఉదయాన్నే గడ్డం గీసుకుని, చక్కగా ముస్తాబై కిటికీ దగ్గర నిలబడ్డాడు. వీధిలో బట్టలుతికే ఆవిడ కొడుకు వెళుతున్నాడు. జేబులో సారా సీసా. అమ్మ నీళ్ళలో ఉంది, ఆవిడ కోసం పట్టుకెళుతున్నాడు. మేయరు పిల్లవాణ్ణి ఆపి, మీ అమ్మకి సిగ్గు లేదా, ఎందుకూ పనికిరాని మనిషి అని నాలుగు చీవాట్లు పెట్టి పంపిస్తాడు. పిల్లవాడు తలొంచుకుని నది ఒడ్డుకి పోతాడు. తల్లి పొద్దుటినుంచీ చన్నీళ్ళలో ఉంది. వేడి భోజనం కొనుక్కునే తాహతు లేదు. ఆ గుక్కెడు సారాయే ఒంట్లో వేడి. పిల్లవాడు మాత్రం దాన్ని అలవాటు చేసుకోకూడదని ఆవిడ చెబుతుంది.

ఆవిడతో పాటు కుంటి ముసలమ్మ మారెన్ ఉంటుంది. మేయరుగారింట్లో ఆరోజు పెద్ద విందు. అంతలో కబురు వస్తుంది, కోపెన్‌హేగన్‌లో ఉన్న మేయరు తమ్ముడు పోయాడని. ఆ మాట వినగానే బట్టలుతికే ఆవిడ మొహం పాలిపోతుంది. ఒకప్పుడు ఆవిడ ఆ ఇంట్లోనే పనిమనిషి. చదువుకుంటున్న ఆ చిన్నబాబు, ఆవిడా ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఆ ఇంటి పెద్దావిడ కోప్పడలేదు, అరవలేదు. మెల్లగా కూర్చోబెట్టి, అతనికీ నీకూ అంతరం ఉందమ్మా, నీలాంటి పనివాణ్ణి చేసుకో అని నచ్చచెప్పింది. ఈవిడ సరేనంది. చేతి తొడుగులు కుట్టే మంచివాణ్ణి చేసుకుంది. కొన్నాళ్ళు బాగానే గడిచింది. తర్వాత వ్యాపారం పోయి, ఆస్తి పోయి, మొగుడూ పోయాడు. మిగిలింది పిల్లవాడు, ఈ నది నీళ్ళు.

ఇదంతా ముసలమ్మకి చెప్పి మళ్ళీ నీళ్ళలోకి దిగిన ఆవిడ అక్కడే పడిపోతుంది. ఇంటికి చేర్చినా బతకదు. తర్వాత తెలుస్తుంది, పోయిన ఆ తమ్ముడు తన వీలునామాలో ఈవిడకీ, ఈవిడ బిడ్డకీ ఆరువందల వెండి నాణేలు రాశాడని! మేయరు పిల్లవాణ్ణి పిలిచి, నిన్ను మంచి పనివాణ్ణి చేయిస్తాను, మీ అమ్మ పోవడమే మేలు, ఆవిడ ఎందుకూ పనికిరాదు అంటాడు. సమాధి మీద గులాబీ మొక్క నాటుతుంది కుంటి మారెన్. పిల్లవాడు ఏడుస్తూ అడుగుతాడు, అమ్మ నిజంగా పనికిరానిదేనా అని. కాదు నాయనా, ఆవిడ ఎంత మంచిదో నాకు తెలుసు, లోకం ఏమన్నా అనుకోనీ అంటుంది ఆ ముసలమ్మ. కథ అక్కడితో అయిపోతుంది.

చూశారా! ఒక్క మంత్రం లేదు, ఒక్క దేవత దిగిరాలేదు. డబ్బు వచ్చిందిగాని ఆలస్యంగా వచ్చింది. మరి పిల్లల కథల మధ్య దీన్నెందుకు పెట్టాడు? ఆ సంగతీ ఆయనే రాసుకున్నాడు. ఆయన చిన్నప్పుడు అచ్చం ఇలాగే ఒక కుర్రాడు సారా సీసా పట్టుకుని నదికి పోతుంటే, ఊళ్ళో గట్టి నోరున్న ఒకావిడ వాణ్ణి ఆపి తిట్టిందట. అందరూ ఆ ఉతికే మనిషిని చెడ్డదన్నవాళ్ళే. ఆండర్సన్ తల్లి ఒక్కతే అడ్డుపడిందట. ఆ మనిషిని అంత కఠినంగా అనకండి, చన్నీళ్ళలో నిలబడి గొడ్డుచాకిరీ చేస్తుంది, రోజుల తరబడి వేడి తిండి ఉండదు, తాగడం మంచిది కాదు నిజమే, కానీ ఆవిడకి అంతకన్నా ఏముంది, కొడుకుని ఎంత శుభ్రంగా పెట్టుకుంటుందో చూడండి అందట. ఆ మాటలు పిల్లవాడి చెవిన పడి, ఏళ్ళ తరబడి మనసులో ఉండి, చివరికి కథై బయటికొచ్చాయి. ఆ తర్వాత తన తల్లికే ఆ గతి పట్టిందని కూడా గుర్తుచేసుకుంటే, ఆ ముసలమ్మ మారెన్ నోట పలికింది ఎవరి గొంతో మనకి తెలిసిపోతుంది.

ఇలాంటిదే ఇంకో కథ. ఇంగ్లీషులో ఆస్కార్ వైల్డ్ 1888లో అచ్చు వేయించిన ‘హ్యాపీ ప్రిన్స్’. అప్పటికి ఆయనకి ఇద్దరు చిన్న మగపిల్లలు. ఊరి మధ్య ఎత్తుగా, బంగారు రేకులు తాపడం చేసిన రాకుమారుడి విగ్రహం. అంత ఎత్తునుంచి ఆ విగ్రహానికి ఊరి కష్టాలన్నీ కనిపిస్తాయి. ఒక చిన్న గదిలో కుట్టుపని చేసుకునే ఒకావిడ, సూది పోట్లతో చేతులన్నీ ఎర్రబడి, రాణిగారి చెలికత్తె గౌను మీద పువ్వులు కుడుతోంది. పక్కన జ్వరంతో పిల్లాడు నారింజ పళ్ళు కావాలని ఏడుస్తున్నాడు. ఇవ్వడానికి నది నీళ్ళు తప్ప ఇంకేం లేవు. విగ్రహం తన కత్తి పిడిలోని కెంపు తీసి ఇమ్మని పిచ్చుకలాంటి ఒక వలసపిట్టని బతిమాలుతుంది. పిట్ట ఎగిరి వెళుతుంటే, మేడ మీద ఆ గౌను తొడుక్కోబోయే అమ్మాయి ఏమంటోందో తెలుసా? ఈ కుట్టేవాళ్ళు ఒట్టి బద్ధకస్తులు, గౌను టైముకి అందుతుందో లేదో అని!

ఆండర్సన్ కథలో కిటికీ దగ్గర మేయరు, వైల్డ్ కథలో మేడ మీద అమ్మాయి. ఇద్దరూ పైనుంచే చూస్తారు, ఇద్దరూ తీర్పు చెప్పేస్తారు. ఇద్దరి ఒంటి మీదా ఉన్న బట్టలు ఎవరో ఉతికినవి, ఎవరో కుట్టినవి. ఈ కొత్తరకం దేవకన్యల కథల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే విషయం ఇదే. మంత్రం కష్టాన్ని మాయం చెయ్యదు, కష్టపడేవాళ్ళని మన కళ్ళకి కనిపించేలా చేస్తుంది, అంతే.

అందుకే ముగింపు మార్చేస్తే కథే మారిపోతుంది. 1837లో ఆండర్సన్ రాసిన ‘చిన్న మత్స్యకన్య’నే తీసుకోండి. రాకుమారుడి కోసం ఆ పిల్ల తన గొంతు వదులుకుంటుంది. కాళ్ళొస్తాయి, కానీ అడుగడుక్కీ కత్తుల మీద నడిచినంత బాధ. రాకుమారుడు మాత్రం ఇంకో అమ్మాయిని పెళ్ళాడతాడు. అతన్ని పొడిచి చంపితే నీ బతుకు నీకొస్తుందని అక్కలు తమ జుట్టంతా మంత్రగత్తెకిచ్చి కత్తి తెచ్చిస్తే, ఆ పిల్ల కత్తిని సముద్రంలోకి విసిరేసి నురుగై, గాలిలో కలిసిపోతుంది. మంచిపనులు చేసి తన ఆత్మని తనే సంపాదించుకునే దారి అక్కడ దొరుకుతుంది. 1989లో డిస్నీవాళ్ళు తీసిన సినిమాలో మాత్రం మంత్రగత్తె చస్తుంది, పెళ్ళయిపోతుంది. పాటలు బాగున్నాయి, పిల్లలకి నచ్చింది. కాదనను. కానీ అసలు కథలో ఆడపిల్ల అడిగే ప్రశ్న ఒకటుంది. ఎవరికోసమో నోరు పోగొట్టుకుంటే నాకేం మిగిలింది అని. పెళ్ళిపందిరి వేసేసరికి ఆ ప్రశ్న ఎక్కడికో పోయింది. మన ఇళ్ళల్లో ఎదిగే ఆడపిల్లలకి ఆ ప్రశ్న వినపడాలా, వద్దా? మీరే ఆలోచించండి.

అన్నీ ఏడుపు కథలే అనుకోకండి. 1844లో వచ్చిన ‘మంచురాణి’ ఉంది. మన పిల్లలు ఎగబడి చూసిన 2013 నాటి ‘ఫ్రోజెన్’ సినిమాకి ప్రేరణ ఈ కథే, ఐతే సినిమాకీ కథకీ పోలిక తక్కువ. అద్దం పెంకు గుండెలో గుచ్చుకుని రాయిలా మారిపోయిన స్నేహితుడు కాయ్‌ని వెతుక్కుంటూ గెర్డా అనే పిల్ల ఒంటరిగా ఉత్తర దిక్కుకి వెళుతుంది. దారిలో సాయం చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఒక రాకుమారి, ఒక దొంగలపిల్ల, మంచుదేశపు ముసలమ్మలు ఇద్దరు. ఆ పిల్లకి ఏదైనా శక్తి ఇవ్వమని అడిగితే, తనకున్న శక్తికన్నా నేనివ్వగలిగింది లేదంటుంది ఆ ముసలమ్మల్లో ఒకావిడ. చివరికి గెర్డా వేడి కన్నీళ్ళకే కాయ్ గుండె కరుగుతుంది. కత్తి లేదు, యుద్ధం లేదు!

సరే, ఇవన్నీ పిల్లలకి ఎలా చెప్పాలి? మనకి తోచినవి నాలుగు మాటలు.

మరీ పసివాళ్ళకి ఈ కథలు తొందరపడి చెప్పొద్దు. మూడేళ్ళవాడికి ఏడు చేపలే ముద్దు. కాస్త ఊహ తెలిసి, ‘ఎందుకు’ అని అడగడం మొదలుపెట్టాక చెప్పండి.

దీపం ఆర్పేముందు కాకుండా, సెలవురోజు మధ్యాహ్నం, మీరు చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూనో, బట్టలు మడత పెట్టుకుంటూనో చెప్పండి. విన్న తర్వాత పిల్లలకి మాట్లాడుకునే టైముండాలి.

ముగింపు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పిల్ల ఏడిస్తే ఏడవనివ్వండి, దగ్గరికి తీసుకోండి. అగ్గిపుల్లల పిల్ల కోసం ఏడ్చిన మనసు చెడిపోదు. కథ అవగానే నీతి చెప్పేయకండి. ‘‘నువ్వు ఆ వీధిలో ఉంటే ఏం చేసేదానివి?’’ అని అడిగి ఊరుకోండి. వాళ్ళు చెప్పే జవాబులు మనకే పాఠాలు.

ఆఖరి మాట కొంచెం చేదుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. మనం కథ ఎంత బాగా చెప్పినా, పిల్లలు మనం కథ చెప్పనప్పుడు మాట్లాడే మాటలే ఎక్కువ వింటారు. పని అమ్మాయి రెండ్రోజులు నాగా పెడితే మనం ఫోనులో పక్కింటావిడతో ఏమంటాం? ‘‘దానికి ఒళ్ళు బద్ధకం’’ అంటాం. ‘‘ఇంట్లో మొగుడు తాగితే నేనేం చెయ్యను’’ అంటాం. సబ్బునీళ్ళలో ఆ పిల్ల వేలి సందులు ఒరిసిపోయి ఉన్నాయేమో ఎప్పుడైనా చూశామా? ఇస్త్రీ బట్టలు ఆలస్యమైతే ఆ అబ్బాయిని, గుమ్మంలో కూరలమ్మే ముసలమ్మని ఎలా పలకరిస్తున్నాం? మన బాల్కనీ కూడా ఒక కిటికీయే. కింద నడిచే పిల్లవాడు మన మాట విని తలొంచుకుని పోతున్నాడేమో!

నిజమే, మనకీ విసుగు వస్తుంది. పొద్దున్నే చుట్టాలుంటారు, అంట్లు గుట్టలా పడుంటాయి, మనిషి రాదు. చిరాకు పడటం సహజమే. కానీ చిరాకులో అన్న మాటకీ, పిల్లల ముందు ఒక మనిషికి వేసే ముద్రకీ చాలా దూరం ఉంది. ఆండర్సన్ తల్లి పెద్ద ఉపదేశాలేం చెయ్యలేదు. చదువు రాదు, చేతిలో పైసా లేదు. పొరుగువాళ్ళంతా ఒక ఆడమనిషిని ఆడిపోసుకుంటుంటే, అలా అనకండి అని నాలుగు మాటలంది, అంతే. పక్కనే ఉన్న కొడుకు విన్నాడు.

ఈ ఆదివారం మీ పిల్లలకి ఆ కథ చెప్పండి. ఆఖర్న ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్న దగ్గర ఆగి, జవాబు మీ పిల్లల్నే చెప్పమనండి. వాళ్ళేం చెప్పారో మాకూ రాయండి. వచ్చేవారం మళ్ళీ కలుసుకుందాం.